రాగి గొట్టం, నిమ్మకాయ నీళ్లు

రిటైరైన మూడో నెల్లో డాక్టరు నాకు చక్కెర ఉందని తేల్చినాడు. రోజూ పొద్దున్నే గంటసేపు నడవమన్నాడు. ముప్పై నాలుగేండ్లు బస్సు డిపో గ్యారేజీలో బండ్ల కింద పండుకొని బోల్టులు బిగించిన మనిషిని నేను. యాడికన్నా పోవాల్సి వస్తేనే మనుషులు నడుస్తారని అప్పటిదాకా అనుకునేవాణ్ని. కడపలో మా ఇంటికి దగ్గరుండే కాలేజీ గ్రౌండుకు మొదటిరోజు పోయి చూస్తే, యాభై మంది పెద్దమనుషులు తెల్ల బూట్లు వేసుకొని యాడికీ పోకుండా గుండ్రంగా తిరుగుతున్నారు. ఒకాయన వెనక్కి నడుస్తున్నాడు. ఇంకొకాయన చెట్టును పట్టుకొని దాన్ని నూకుతున్నాడు. నాకు నవ్వాగలేదు.

నెల తిరిగేసరికి నేనూ వాళ్లలో కలిసిపోయినాను. వాళ్లకొక సంఘం ఉంది. దానికొక అధ్యక్షుడు. బట్టల అంగడి సావుకారు ఆయన. అందరికీ టీషర్టులు కుట్టించి ఇచ్చినందుకు ఆయన్ని అధ్యక్షుణ్ని చేసినారు. ఆయన్ను మించిన గుణమున్న మనిషి దొరక్క కాదు, టీషర్టులు కుట్టించేంత ఓపిక ఇంకెవరికీ లేక. సంఘంలో ఎవరి పుట్టినరోజు వచ్చినా పొద్దున ఆరింటికి గ్రౌండులోనే కేకు కోసేవాళ్లు. చక్కెర తగ్గించుకునేదానికి వచ్చినోళ్లంతా నోటి చుట్టూ క్రీము పూసుకొని చప్పట్లు కొట్టేవాళ్లు. తిన్న కేకు అరగాలని ఇంకొక రౌండు తిరిగేవాళ్లు.

సలికాలం వస్తే ఆదివారాలు 'ట్రెక్కింగు'. అంటే కార్లలో కొండ దాకా పోయి, ఆ కార్ల నీడలోనే కూర్చొని ఉప్మా తిని, ఫోటోలు దిగి, అవే కార్లలో ఇంటికి రావడం. ఒకసారి పాలకొండల దగ్గరికి పోయినప్పుడు మావాళ్లు కొండ ఎక్కింది మొత్తం ఒక మేడ మెట్లంత ఉంటుందో ఉండదో. ఆ ఫోటోలు చూసిన వాళ్లు మాత్రం మంచుకొండలు ఎక్కి దిగి వచ్చినారనుకోవాల.

ఆ ఏడు గండికోటకు పోయినాము. ఒక రాత్రి గుడారాల్లో పండుకోవాలని సావుకారు తీర్మానం. పెన్న లోయ అంచున బెంగుళూరు నుంచి వచ్చిన పిల్లలు గుడారాలు వేసుకుంటారు, మనమేం తక్కువ అని. ఇంట్లో మంచం మీద పండుకుంటేనే నడుము పట్టే వయసులో ఈ ముచ్చటేందో నాకు అర్థం కాలేదు. కానీ పోయినాను. పోకుంటే వాళ్లను చూసి నవ్వుకునే అదృష్టం తప్పిపోతుందని పోయినాననుకోండి.

సావుకారు ఆ రోజు కారు డిక్కీలో నుంచి ఒక నీలం రంగు పెట్టె దించినాడు. ఆయన అల్లుడు ఫోన్లో చూసి తెప్పించినాడంట. కాంపింగుకు పోయేవాళ్లు చల్లటి నీళ్లు, పానకాలు పోసుకొని పోయే పెట్టె. కింద చిన్న కొళాయి, పైన మూత, పట్టుకునేదానికి పిడి. అందరూ దాని చుట్టూ చేరి పెండ్లికూతుర్ని చూసినట్టు చూసినారు.

"ఐసు వేస్తే రెండు రోజులు కరగదంట," అన్నాడు సావుకారు.

మజ్జిగ నిండా పోసుకొని వచ్చినాడు. దాన్ని దించేదానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. బండ మీద పెట్టినారు. పెట్టినాక చూస్తే, కొళాయి బండకు నాలుగు వేళ్ల ఎత్తులో ఉంది. గ్లాసు కిందికి దూరదు. గ్లాసు పండబెడితే మజ్జిగ నిలవదు. ఆ పెట్టె గీసినోడికి గ్లాసు అనేది ఒకటుంటుందని ఎవరూ చెప్పలేదేమో. కారు బానెట్టు మీదికి ఎక్కించినారు. బానెట్టు వాలుగా ఉంటుంది కదా, పెట్టె మెల్లగా జారడం మొదలుపెట్టింది. రిటైరైన తాసీల్దారు ఒకాయన దాన్ని రెండు చేతులా కావిలించుకొని నిలబడినాడు. ఆయన సర్వీసంతా ఎవరి కోసమూ అంత నిబ్బరంగా నిలబడి ఉండడు.

కొళాయి తిప్పితే మొదట ధారగా వచ్చింది. తర్వాత దారమంత. తర్వాత చుక్కలు. తర్వాత ఏమీ రాలేదు. సావుకారు పెట్టెను తట్టినాడు, ఊపినాడు, కొళాయిలో నోరు పెట్టి ఊదినాడు. అప్పటిదాకా నేను బండ మీద కూర్చొని చూస్తా ఉన్నాను. ఇంక లేచిపోయి పైమూతను అర చుట్టు వదులు చేసినాను. మజ్జిగ బుడుక్కుమని సావుకారు ప్యాంటు మీద పడింది.

"లోపలికి గాలి పోకుంటే బయటికి నీళ్లు యాడ నుంచి వస్తాయప్పా? డీజిలు ట్యాంకు మూతకు బొక్క ఏంటికి పెడతారనుకుంటివి?" అన్నాను.

అందరూ పెద్దగా నవ్వినారు. నాకు శానా బాగనిపించింది. అంతటితో ఆపి ఉంటే ఈ కథే లేదు. గ్లాసు దూరని కొళాయి గురించి, ఇద్దరు మోయాల్సిన బరువు గురించి, ఫోన్లో చూసి సరుకు కొనే అల్లుండ్ల గురించి కూడా చెప్పినాను. సావుకారు మొగం చిన్నబోయింది.

"మాటలు చెప్పేది ఎవరికైనా సులభమే మేస్త్రీ. నువ్వొకటి చేసి చూపీ," అన్నాడు.

"చేస్తా. నెల రోజుల్లో చేస్తా. నీ అల్లునికి పంపీ, చూసి నేర్చుకుంటాడు," అన్నాను.

ఆ రాత్రి గుడారంలో నడుము కింద గులకరాయి ఒకటి గుచ్చుకుంటూనే ఉంది. అయినా హాయిగా నిద్రపట్టింది.

మా ఇంటి వెనక రేకుల కొట్టం ఒకటుంది. నా సామాన్లన్నీ అందులోనే. మొదట గీత గీసుకున్నాను. ఇరవై లీటర్ల స్టీలు పాల క్యాను ఒకటి పైన. దాని కింద ఐసు పెట్టె. క్యానులో నుంచి ఒక గొట్టం బయలుదేరి ఐసు పెట్టెలో పన్నెండు చుట్లు తిరిగి కొళాయికి వస్తుంది. క్యానులో నీళ్లు ఎంత వేడిగా ఉన్నా పరవాలేదు, ఐసులో నుంచి తిరిగి వచ్చేసరికి పండ్లు జిల్లుమనాల. క్యాను మొత్తాన్ని చల్లబరిచే పని లేదు, ఎవరికి ఎంత కావాల్నో అంతే చల్లబడుతుంది. రేడియేటరులో వేడి నీళ్లు చల్లబడేది ఇట్లే కదా, దాన్నే తెచ్చి ఇక్కడ పెట్టినాను. కింద మడిచే కాళ్లు నాలుగు, గ్లాసు కాదు, చెంబు కూడా దూరేంత ఎత్తు. క్యాను వేరుగా, ఐసు పెట్టె వేరుగా ఊడొస్తాయి, ఒక్కొక్కటి ఒక్క మనిషి మోసుకోవచ్చు. మూతకు గాలి బొక్క, దానికి దుమ్ము పడకుండా జల్లెడ గుడ్డ. ఆ గీత చూసుకొని నన్ను నేనే మెచ్చుకున్నాను. నీలం పెట్టె చేసిన కంపెనీ వాళ్లంతా వచ్చి మా కొట్టం ముందర వరసగా నిలబడాలనుకున్నాను.

గొట్టం దేంతో చెయ్యాల? రాగి అయితే వంగుతుంది, చలి తొందరగా పట్టుకుంటుంది. ఫ్రిజ్జులు బాగుచేసే అంగట్లో రాగి ట్యూబు తెచ్చినాను. లోపల ఇసుక పోసి, రెండు కొసలూ మూసి, ఒక పైపు చుట్టూ చుట్టితే ఎక్కడా నొక్కు పడకుండా స్ప్రింగు మాదిరి వచ్చింది. కొసకు ఇత్తడి కొళాయి. పాత రోజుల్లోది, బరువుగా, తిప్పితే చేతికి మెత్తగా తగిలేది. ప్లాస్టిక్ కొళాయిని చూస్తే నాకు ముందు నుంచీ చీదర.

మా ఇంటామె కొట్టం గడపలో నిలబడి చూసింది. ఆమెది ఆదోని పక్క. మాట మెత్తగా ఉంటుంది, కానీ పోయి తగలాల్సిన చోటే తగులుతుంది.

"ఏమయ్యా, ఈ గొట్టం లోపల ఎట్ల కడుగుతావు?"

"నీళ్లు పోస్తే అదే కడుక్కుంటాది."

"పన్నెండు చుట్లుండాది. చెయ్యి పోదు, పీచు పోదు. చక్కెర నీళ్లు పోస్తే లోపల జిగటగా నిలబడిపోదా?"

"నీకేం తెలుస్తాది? బస్సు రేడియేటర్లు చేత్తో తోముతారా?"

"బస్సు రేడియేటర్లో నీళ్లు ఎవరన్నా తాగుతారా?" అని పోయింది.

నేను కొళాయి బిగించుకోవడంలో పడినాను. బదులు లేదని కాదు, ఆడవాళ్లతో ఇంజినీరింగు మాట్లాడేదేంటికని. ఆ రోజుల్లో నేను అట్లాంటి మనిషినే.

సంఘంలో ఒక మేడం ఉండేది. ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయింది. సన్నటి మనిషి, చేతిలో ఎప్పుడూ గొడుగు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. ఒకరోజు గ్రౌండులో సావుకారు అడిగితే నేను నా పెట్టె గురించి నలుగురిలో గొప్పగా చెబుతా ఉన్నాను. ఆమె ఆగి విన్నది.

"గొట్టం రాగిదా అన్నా?" అనింది.

"అవును మేడం. మేలురకం."

"నీళ్లకైతే సరే. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు పోయకండి. పులుపు రాగిని తింటుంది. ఇత్తడి కూడా అంతే. లోపల కళాయి పూత లేకుంటే చిలుము వస్తుంది. కడుపులో తిప్పుతుంది."

నేను నవ్వినాను. తలకాయ వెనక్కి వేసి నవ్వినాను, నాకు బాగా గుర్తుంది.

"మేడం, మీరు గాజు బుడ్లలో చూసినారు. మేం చేతుల్తో చూసినాం. రాగి చెంబులో నీళ్లు తాగితే ఆరోగ్యమని ఊరంతా కొనుక్కొని తాగుతాంటే మీరు విషమంటారే."

"నీళ్లు వేరన్నా, పులుపు వేరు," అనింది ఆమె. గొడుగు తెరుచుకొని నడిచిపోయింది. సావుకారు కూడా నాతోపాటు నవ్వినాడు. ఆయన నవ్వినందుకైనా నాకు అనుమానం రావాల్సింది.

ఆ మాటలో కొత్తదేమీ లేదు. మా అమ్మ ఇత్తడి గిన్నెలో చారు కాసేముందు కళాయి ఉందో లేదో వేలితో తడిమి చూసేది. కళాయి వేసే సాయిబు వీధిలోకి వస్తే ఇంట్లో గిన్నెలన్నీ బయటికి వచ్చేవి. అదంతా నా కండ్ల ముందర జరిగిందే. అయినా ఒక చదువుకున్న ఆడమనిషి నలుగురి ముందర చెప్పేసరికి అది నాకు పుస్తకాల మాటగా కనబడింది.

మొదటి పరీక్ష పాలకొండల దగ్గర. ఆరోజు పొద్దున్నే అక్కడికక్కడే రోజా షర్బత్తు కలిపి పోసినాను. కొళాయి తిప్పితే వేలు తిమ్మిరెక్కేంత చల్లగా వచ్చింది. కాళ్లు విప్పి పెడితే గ్లాసు కింద చక్కగా కూర్చుంది. అర్ధగంటలో క్యాను ఖాళీ. తాసీల్దారు మూడుసార్లు తాగినాడు. సావుకారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఒప్పుకుంటాండా మేస్త్రీ. ఇట్లాంటివి నూరు చేద్దాం. అంగడి పక్క రూములో పెట్టి అమ్ముదాం," అన్నాడు. ఆ మాటతో నా నెత్తి ఆకాశానికి తగిలింది. నాలుగు రోజులు దానికి పేరు వెతికినాను. ఇంటికి తెచ్చినాక క్యానులో రెండు చెంబుల నీళ్లు పోసి, కొళాయిలో నుంచి వదిలి, కడగడం అయిపోయిందని కొట్టంలో పెట్టినాను. గొట్టం చుట్లలో షర్బత్తు జిగట ఎంత మిగిలిందో నేను చూడలేదు. చూసేదానికి దారీ లేదు, నేనే లేకుండా చేసినాను.

మూడు వారాలకు సంఘం వనభోజనం పెట్టినారు. కమలాపురం దగ్గర మాలో ఒక రైతుకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. కుటుంబాలతో సహా అందరూ రావాలని పిలిచినాడు. తోటలో ఒక ఫ్లెక్సీ కట్టించినాడు సావుకారు, దాని మీద తన ఫోటో పెద్దగా, తక్కిన వాళ్లవి రేషన్ కార్డు ఫోటోలంత. మైకు. పాటల పోటీ. ముసలోళ్లకు గోనెసంచి పరుగు. ప్రకృతిని చూడాలని ఇరవై కిలోమీటర్లు పోయి, అక్కడ స్పీకరు పెట్టి పిట్టలన్నిటినీ తరిమేసినారు.

నా పెట్టె ఆ రోజు అందరికంటే పెద్ద అతిథి. తెల్లవారుజామునే బయల్దేరాల కాబట్టి ముందురోజు సాయంత్రమే నిమ్మకాయ నీళ్లు కలిపి, గొట్టం బిగించే క్యాను నింపినాను. నూరు నిమ్మకాయలు పిండింది మా ఇంటామె. పిండేటప్పుడు మళ్లీ అడిగింది.

"రాత్రంతా దాంట్లోనే ఉండాల్నా? పొద్దున అక్కడికి పోయినాక పోసుకుంటే కాదా?"

"అక్కడ నాకు వేరే పనులుంటాయి," అన్నాను. ఏం పనులు? కొళాయి పక్కన నిలబడి పొగిడించుకునే పని.

ఐసు పెట్టెలో ఐసు వేసి తోటలో చీనీ చెట్టు నీడన నిలబెట్టినాను. ఎండ అప్పటికే గట్టిగా ఉంది. సావుకారు మైకులో నా గురించి చెప్పినాడు. మన సంఘం సొంత తయారీ అన్నాడు. ఆయన దానికి ఒక బోల్టు కూడా బిగించలేదు. మొదటి గ్లాసు అధ్యక్షుడికి. రెండోది తాసీల్దారుకు. మూడోది తోట రైతుకు. నాలుగోది నేను తీసుకున్నాను. అన్నీ స్టీలు గ్లాసులే.

సావుకారు ఒక గుక్క తాగి మొగం అదోలా పెట్టినాడు. "ఏందో ఇనుప కంపు కొడతాందే."

"నీ చక్కెర మాత్రల కంపు అది. తాగు," అన్నాను.

అందరి ముందర వద్దనలేక తాగేసినాడు పాపం. రైతు కూడా తాగినాడు. నేను నాలుక మీద పెట్టుకోగానే నాకు తెలిసింది. పాత పైసాబిళ్ల నోట్లో పెట్టుకున్నట్టు ఉంది. కానీ యాభై మంది నన్నే చూస్తున్నారు. గ్లాసు ఎత్తి గటగటా తాగి, ఖాళీ గ్లాసు బోర్లించి చూపించినాను. అంతకంటే తెలివితక్కువ పని నా బతుకులో ఇంకొకటి చెయ్యలేదు.

తర్వాత వరసలో పిల్లలున్నారు. గ్లాసులు పట్టుకొని తోసుకుంటున్నారు. మేడం ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు, నేరుగా వచ్చి ఒక పిల్ల చేతిలోని గ్లాసు లాక్కొనింది. వేరే ఎవరి దగ్గరో తెల్ల పేపరు కప్పు తీసుకొని కొళాయి కింద పట్టింది. నిమ్మకాయ నీళ్లు తెల్లగా ఉండాల కదా. కప్పు అడుగున లేత పచ్చ రంగు కనబడింది. ఆమె దాన్ని నా మొగం ముందర పట్టింది. కొళాయి మూసి, మైకు దగ్గరికి పోయి, "ఎవరూ ఆ పెట్టెలో నీళ్లు తాగొద్దు," అని మాత్రం అనింది.

సావుకారు ముందు వాంతి చేసుకున్నాడు, తన ఫ్లెక్సీ కిందనే. తర్వాత తాసీల్దారు. రైతు ఎందుకో నిలదొక్కుకున్నాడు, కడుపు నొప్పి మాత్రం వచ్చింది. నేను ఎవరికీ చెప్పకుండా తోట చివరికి నడిచిపోయి చెట్టు పట్టుకొని కక్కుకున్నాను. తిరిగి వచ్చేసరికి మా ఇంటామె నీళ్లచెంబుతో ఎదురుగా నిలబడి ఉంది.

"ఎండ దెబ్బ," అన్నాను.

"మొగం కడుక్కో," అనింది.

మేడం ముగ్గురినీ నీడలో కూర్చోబెట్టి, కమలాపురంలో డాక్టరు దగ్గరికి కారు పంపించమని రైతుకు చెప్పింది. నన్ను కూడా అదే కారు ఎక్కించింది. ఎండ దెబ్బ అని నేను చెప్పిన మాట ఆమె విన్నట్టు కూడా లేదు. డాక్టరు ఏదో మందిచ్చి, నీళ్లు బాగా తాగమని పంపించినాడు. మధ్యాహ్నానికి నలుగురమూ తేరుకున్నాము. కారులో ఒకరి మొగం ఒకరం చూసుకోలేదు. సావుకారు ఒక్కసారి మాత్రం కండ్లు మూసుకొనే, "నా మాత్రల కంపా?" అన్నాడు. నేను కిటికీలో నుంచి బయటికి చూసినాను.

ఆ రోజు సాయంత్రం కొట్టంలో ఆ రాగి గొట్టాన్ని హాక్సా బ్లేడుతో కోసినాను. రెండో చుట్టులో, ఐదో చుట్టులో, చివర్లో. లోపల అంతా పచ్చగా, జిగటగా, పాసి పట్టిన గోడ మాదిరి ఉంది. షర్బత్తు జిగట ఒక పక్క, చిలుము ఒక పక్క. మా ఇంటామె వచ్చి ఒక ముక్క చేతిలోకి తీసుకొని చూసి కింద పెట్టింది. ఒక్క మాట అనుంటే నాకు కోపమన్నా వచ్చేది.

నెలన్నర నడకకు పోలేదు. మోకాలు నొప్పి అని చెప్పినాను. ఊర్లో నాకు 'చిలుము మేస్త్రీ' అని పేరు పెట్టినారు. పాల అంగట్లో కూడా తెలిసిపోయింది. ఆ మాట మొదట అన్నది సావుకారేనని నాకు తెలుసు. ఆయన స్థానంలో నేనుంటే ఇంకా ఘోరమైన పేరు పెట్టి ఉండేవాణ్ని. దాని గురించి నాకు కోపం లేదు. కొట్టంలో కూర్చొని బెంగుళూరు పిల్లల్ని, సావుకారును, ఆయన అల్లుణ్ని, టీషర్టులను, కేకులను మనసులో మళ్లీ మళ్లీ తిట్టుకునేవాణ్ని. ఎంత తిట్టినా ఆ పిల్ల చేతిలో గ్లాసు గుర్తుకొచ్చేది. ఇంకొక నిమిషం ఆలస్యమయుంటే తాగేసి ఉండేది. అక్కడికి వచ్చేసరికి నా తిట్లు ఆగిపోయేవి.

ఒకరోజు చక్కెర చూపించుకుంటే పెరిగిందన్నారు. మా ఇంటామె, "మోకాలు నొప్పి చక్కెరను పెంచుతాదా?" అనింది. మరుసటిరోజు సాయంత్రం నేను మేడం ఇంటికి పోయినాను. ఆమె కుండీల్లో మొక్కలకు నీళ్లు పోస్తా ఉంది. కూర్చోమనింది. కాఫీ తెచ్చింది. స్టీలు గ్లాసులో. నేను దాన్ని చూసినాను. ఆమె నన్ను చూసింది.

"తప్పయింది మేడం," అన్నాను.

"అయింది," అనింది.

పరవాలేదులే అంటుందని అనుకున్నాను. అనలేదు.

"మీరు చెప్పింది నాకు తెలిసిన సంగతే. చిన్నప్పటి నుంచి తెలిసిందే."

"అది ఇంకా అధ్వాన్నం కదన్నా. తెలియనోడైతే ఏదోలే అనుకోవచ్చు. ముప్పై ఏండ్లు క్లాసులో చెప్పినాను. నా మాటకు అట్ల నవ్విన పిల్ల ఒక్కతీ లేదు. మీరు నవ్వినారు."

డిపోలో ఆఫీసర్లు నన్ను తిట్టినారు, మెమోలు ఇచ్చినారు. ఇట్ల ఎవరూ కడగలేదు. కాఫీ చల్లారిపోతున్నా తాగలేదు. చివరికి జేబులో నుంచి కాగితం తీసి ఆమె ముందర పెట్టినాను. కొత్త పెట్టె గీత.

ఆమె కండ్లద్దాలు పెట్టుకొని చూసింది. పెన్ను అడిగి తీసుకుంది. కొళాయి దగ్గర గీటు పెట్టి 'స్టీలు' అని రాసింది. రబ్బరు వాషరు దగ్గర సున్నా చుట్టి, "ఇది తిండి సామాన్లకు వాడే రకమేనా, కనుక్కోండి," అనింది. అడుగున కొళాయి బొక్క కంటే కింద రెండు వేళ్ల జాగా ఉంటే, "ఈ అడుగున నిలిచేది ఎట్ల పోతుంది?" అని అడిగింది. అడుగును కొళాయి వైపు వాలుగా చెయ్యొచ్చని ఇంటికి వస్తా దారిలో తోచింది. అంతసేపూ ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు.

రెండో పెట్టెలో రాగి గొట్టం లేదు, చుట్లు లేవు, తెలివితేటలు లేవు. ఒక స్టీలు డబ్బా. నిండా ఐసు పట్టే స్టీలు గొట్టం ఒకటి మూతకు అతుక్కొని లోపలికి దిగుతుంది. ఐసు అందులో, పానకం చుట్టూ. డబ్బా చుట్టూ థర్మాకోలు, దానిపైన రేకు. అడుగు వాలు. పాత కాళ్లే. మూతి ఎంత వెడల్పు ఉండాలో మా ఇంటామెను అడిగినాను. ఆమె చీర కొంగు దోపుకొని, కొట్టంలో ఉన్న రేకు డబ్బా ఒకదానిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూపింది. ఆ కొలత తీసుకున్నాను. చేసినాక ఆమె పీచు, సబ్బు తెచ్చి లోపల మూల మూలా తోమి, నీళ్లు వంచి, గుడ్డతో తుడిచి ఎండలో బోర్లించింది. "ఇది కడగొచ్చు," అనింది. నేను ముప్పై నాలుగేండ్లు చేసిన పనికి డిపోలో ఇచ్చిన శాలువా కూడా నాకంత సంతోషం ఇవ్వలేదు. ఆ శాలువాకు అంచు మాత్రమే పట్టు.

పుష్పగిరికి పోయినప్పుడు దాన్ని తీసుకొని పోయినాను. పెన్న ఒడ్డున చెట్టు నీడలో పెట్టి, అక్కడే మజ్జిగ పోసి, కొళాయి తిప్పి చూపించినాను. చక్కగా వచ్చింది. ఎవరూ ముందుకు రాలేదు. తాసీల్దారు నీళ్ల బాటిలు తెరుచుకొని నది వైపు తిరిగినాడు. సావుకారు కారులో నుంచి నీలం పెట్టె దించినాడు. దాన్ని పెట్టేదానికి ఇప్పుడు ఒక మడత టేబులు కొన్నాడంట. పెట్టెకు టేబులు, టేబులుకు ఇంకొక పెట్టె. పైమూత వదులు చేసేది మాత్రం మరిచిపోలేదు.

నేను ఒక గ్లాసు పట్టుకొని అందరి ముందర తాగినాను. వాళ్లు నన్ను చూస్తా కూర్చున్నారు. కోతిని చూసినట్టు. పావుగంట గడిచింది, అర్ధగంట గడిచింది. నేను చావలేదు. మేడం లేచి వచ్చి గ్లాసు పట్టింది. తెల్ల పేపరు కప్పు కాదు, స్టీలు గ్లాసే. తాగి, "ఉప్పు తక్కువైంది," అనింది. ఆమె వెనక రైతు వచ్చినాడు. అతని వెనక ఒకరిద్దరు.

సావుకారు మాత్రం ఆ రోజు నా పెట్టె దగ్గరికి రాలేదు. దాని తర్వాతి నెలలో వచ్చినాడు, ఎండ ఎక్కువగా ఉండి నీలం పెట్టెలో ఐసు కరిగిపోయినాక. అప్పుడు కూడా గ్లాసు పట్టుకొని నా ముందర నిలబడి, "నువ్వు ముందు తాగు మేస్త్రీ," అన్నాడు. తాగినాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే వరస. ఎక్కడికి పోయినా, ఎంత మంది ఉన్నా, మొదటి గ్లాసు నాది. నేను తాగేదాకా ఆయన చెయ్యి చాపడు. తాగి నిలబడి ఉంటాను, వాళ్లంతా గడియారాలు చూసుకుంటారు, తర్వాత సావుకారు వస్తాడు. ముసలి వెధవ అని లోపల అనుకుంటాను. ఆయన నా గురించి ఏమనుకుంటాడో మైకు లేకుండానే నాకు వినబడుతుంది. ఉప్పు మాత్రం ఇప్పుడు మేడం వేస్తుంది.